గాజు సీసాను నమ్మొద్దమ్మా

చిరంజీవి అమ్మణ్ణికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పీహెచ్‌డీకి మద్రాసు పోతున్నావని, అదీ ఎండోటాక్సిన్ మీదేనని, అంటే బాక్టీరియా పైపొరలోని విషం మీదేనని, మీ అమ్మ ఫోన్ చేసింది. కావలి బజారులో కనపడ్డ ప్రతివాడికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం ఒకటే టెన్షన్.

నోట్‌బుక్ ఏ రోజుది ఆ రోజు రాయి. గైడుతో వాదించు, పోట్లాడకు.

ఇక గాజుసామాను. నేను ల్యాబ్‌లో ఉన్నప్పుడు ఒకతను, ఏ మందు కలిపినా తెల్లకణాలు రెచ్చిపోతున్నాయని నెలల తరబడి సంబరపడ్డాడు. ఉత్త సెలైన్ పోసి చూద్దామని తోచలేదు. ఎవరో పోసి చూస్తే దానికీ అంతే రెచ్చిపోయాయి! ఆవిరితో ఉడికించే ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర పెట్టి తీశాను కదా అంటాడు. బాక్టీరియా చచ్చిన మాట నిజమే, దాని పైపొరలోని విషం చావలేదు. అది పోవాలంటే గాజును ఓవెన్‌లో 250 డిగ్రీల దగ్గర అరగంట పొడిగా కాల్చాలి. ప్లాస్టిక్‌ను కాల్చలేం గనుక ఎండోటాక్సిన్ లేదని పరీక్షించి ఇచ్చేదే కొనాలి. పాపం, చేసిందంతా పారబోశాడు. మంచివాడే, తొందర ఎక్కువ. నీలాగే.

నువ్వు పట్టుకున్న ఎంజైము ఎఓఏహెచ్ ఈ విషం పని పట్టేదే, దానికి ఈ జాగ్రత్త మరీ అవసరం. ఈ.కోలై బాక్టీరియా విషంలో అసలు భాగమైన లిపిడ్-ఏకి ఆరు కొవ్వు గొలుసులుంటే, ఎఓఏహెచ్ రెండు తెంపుతుంది, అంతే. మిగిలిన నాలుగు గొలుసుల అణువు మన కణాల మీద విషాన్ని పసిగట్టే టీఎల్‌ఆర్4ను లేపలేదు. 1980లలో మన్‌ఫర్డ్, హాల్ అనే శాస్త్రవేత్తలు మనిషి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాల్లో ఈ ఎంజైమును పట్టుకున్నారు. ఈ ఎంజైము లేని ఎలుకల్లో, విషం తగిలాక తెల్లకణాలు వారాల తరబడి మొద్దుబారి ఉంటాయి, కొత్త ఇన్‌ఫెక్షన్ వచ్చినా సరిగా కదలవు. ఇంత సున్నితమైన తేడా వెతుకుతూ, నీళ్లలోనే ఆరు గొలుసుల సరుకు ఉంటే ఎంజైము పనిచేసిందో లేదో నీకేం తెలుస్తుంది?

ఇంకో భయం. న్యూట్రోఫిల్స్ నిలవుండవు, ఏ రోజు తీసిన రక్తంతో ఆ రోజే పని. దాత రాలేదని నీ చెయ్యే చాపుతావు, నాకు తెలుసు. హిమోగ్లోబిన్ తొమ్మిది పెట్టుకుని ఆ వేషాలొద్దు. ఎథిక్స్ కమిటీ కాగితాలు ముందే పెట్టి, దాతల పేర్లు నాలుగు ఎక్కువే రాసిపెట్టుకో. పొద్దున ఏమైనా తిని పో.

అక్కడ 250 డిగ్రీలకు వెళ్లే ఓవెన్ ఉందో లేదో కనుక్కుని ఫోన్ చెయ్యి. లేకపోతే చేరిన వారంలోనే గైడును అడుగు. పినాకిని ఎక్కే రోజు చెబితే స్టేషన్‌కు వస్తాను, అత్తయ్య పచ్చడి సీసా ఇస్తుంది.

మీ మామయ్య