వీధి బాగుకు ఉమ్మడి చందా: కొత్త కార్యదర్శికి లేఖ

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

చెన్నై జార్జిటౌనులోని మన వీధి వర్తక సంఘానికి నిన్ను కార్యదర్శిగా ఎన్నుకున్నారని తెలిసి సంతోషించాను. అక్టోబరులో వానలు పట్టుకునేలోపే కాలువలు, దీపాలు బాగుచేయించాలని రాశావు. మంచి ఆలోచన.

మొదటి చందా సులువుగానే వస్తుంది. ఇవ్వనివాడి గుమ్మం ముందూ అదే దీపం వెలుగుతుంది గనుక, ఇచ్చినవాడు మరుసటి ఏడు వెనకాడడమే అసలు చిక్కు. కొత్త మాల్స్, భూగర్భ రైలు తమ బేరాలను లాక్కుపోతున్నాయని టొరంటోలోని బ్లూర్ వెస్ట్ విలేజ్ వర్తకులు కలవరపడినప్పుడు, 1970లో అక్కడ ఆ హద్దుల్లోని వ్యాపారాలన్నిటి మీదా అదనపు పన్ను వేసి, దాన్ని నగరపాలక సంస్థే వసూలు చేసి వర్తకుల మండలికి అప్పగించే పద్ధతి ఏర్పడింది. ఇంగ్లండులో అయితే ఇలాంటి పన్ను మీద అక్కడి వ్యాపారుల ఓటింగు జరిగి, ఓటు వేసినవారి సంఖ్యలోనూ, వారి ఆస్తుల పన్ను విలువలోనూ దానికి ఆధిక్యం వస్తేనే, అదీ ఐదేళ్లకు మించకుండా, ఆ భారం అందరి మీదా పడుతుంది. మన సంఘానికి అంత అధికారం లేదు. రాతపూర్వకమైన ఒప్పందమే మనకు ఆధారం.

అందుకే వాటా లెక్క ఎవరూ వేలెత్తి చూపలేనట్టుండాలి. వ్యాపారం ఎంతని అడిగితే ఎవరూ నిజం చెప్పరు. దుకాణం ముఖభాగం వెడల్పును బట్టి వాటా కట్టు. కొలిచేటప్పుడు టేపు ఒక కొస ఆ దుకాణదారుకే ఇచ్చి, అంకెను అతని చేతనే చదివించి, అక్కడికక్కడే పుస్తకంలో సంతకం చేయించు. శాశ్వతమైన పనుల ఖర్చు భవన యజమానులది, నెలవారీ నిర్వహణ అద్దెదారులది. ఈ విభజన ముందే తేల్చకపోతే ఒకరి మీద ఒకరు నెట్టుకుంటారు.

కాలిబాట కార్పొరేషనుది, అనుమతి చేతికి రాకుండా ఒక్క రాయి కూడా కదపవద్దు. చెన్నైలోనే పాండీ బజారులో 2019లో స్మార్ట్ సిటీ పథకం కింద వచ్చిన పాదచారుల బాట వంటివి సర్కారు చేయదగ్గ పనులు. మనం దీపాలు, శుభ్రత, కాపలా నిలబెట్టగలిగితే చాలు.

బండ్లవారిని తొలగించాలని కొందరు పట్టుబడతారు, ఒప్పుకోకు. 2014 వీధి వర్తకుల చట్టం వారికి రక్షణ ఇచ్చింది, పైగా మన బేరాల్లో సగం వారిని చూసి వచ్చేవే. హమాలీలు సరుకు దించే వేళలు కూడా ఆ హమాలీలతో మాట్లాడే నిర్ణయించు.

ఏడాది నిర్వహణకు సరిపడా సొమ్ము బ్యాంకులో జమయ్యాకే మొదటి పని మొదలుపెట్టు. చెక్కు మీద రెండు సంతకాలు ఉండాలి. జమాఖర్చులు ప్రతి నెలా బోర్డు మీద అంటించు, చందా ఇవ్వనివారి కంట కూడా పడనీ.

ఇట్లు,
నీ మామయ్య