కైట్‌కి గాలి కొట్టే పంపు: డబ్బా మీది పెద్ద అంకె చూసి కొనకండి

ప్రశ్న: కైట్‌సర్ఫింగ్ (పెద్ద గాలిపటం లాగుతుంటే బోర్డు మీద నీళ్లపై జారే ఆట) కోసం నా దగ్గర 9, 12 చదరపు మీటర్ల కైట్లు రెండున్నాయి. చేతిపంపుతో గాలి కొట్టేసరికి నడుం పట్టేస్తోంది, నీళ్లలోకి దిగే ఓపిక సగం అక్కడే అయిపోతోంది. కరెంటు పంపు కొందామని చూస్తే కొన్నిటి మీద 150 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) అని, కొన్నిటి మీద 20 పీఎస్ఐ అని ఉంది. కారు టైర్లకి గాలి పట్టే చిన్న పంపు ఇంట్లోనే ఉంది, అది సరిపోదా? కొత్తది కొనాలంటే ఏం చూడాలి?

జవాబు: ముందు టైరు పంపు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే 150 అన్న అంకె చూసి మోసపోయేది అక్కడే. సరిపోదు. కైట్‌కి కావలసిన ఒత్తిడి చాలా తక్కువ, పట్టే గాలి మాత్రం చాలా ఎక్కువ, టైరు సంగతి సరిగ్గా దీనికి తలకిందులు. మీ 12 చదరపు మీటర్ల కైట్‌నే తీసుకోండి. లీడింగ్ ఎడ్జ్ అంటామే, ముందు అంచున ఉండే ఆ లావుపాటి ట్యూబు, అది 8 మీటర్ల పొడవు, సగటున 18 సెంటీమీటర్ల మందం అనుకుంటే అందులోనే 200 లీటర్ల చోటు ఉంది. దాన్ని 7 పీఎస్ఐ దాకా బిగించాలంటే బయటి గాలి 300 లీటర్ల దాకా లోపలికి తొయ్యాలి, దాన్నుంచి వెనక్కి ఉండే చిన్న ట్యూబులు, అంటే స్ట్రట్‌లు, దీనికి అదనం. చిన్న టైరు పంపులు నిమిషానికి 20, 30 లీటర్లకి మించి తొయ్యలేవు. అంటే అన్నీ కలిసొచ్చినా పది పన్నెండు నిమిషాలు, అప్పటికి మోటారు కాలిపోయేంత వేడెక్కుతుంది. వీటిని ఏకబిగిన ఎంతసేపు నడపొచ్చో, తర్వాత ఎంతసేపు చల్లారనివ్వాలో దాంతో వచ్చే కాగితంలో రాసే ఉంటుంది, చూడండి.

పరుపులకి గాలి పట్టే పంపుది ఇంకో రకం సమస్య. అది బుస్సుమని నిమిషంలో కైట్‌ని ఉబ్బిస్తుంది గానీ 1 పీఎస్ఐ లోపే చేతులెత్తేస్తుంది. కైట్ చూడ్డానికి నిండినట్టే ఉంటుంది, గాలిలోకి లేపగానే మధ్యకి మడత పడుతుంది.

మీకు కావలసింది ఈ రెండింటికీ మధ్యది. గాలి నింపి, మీద నిలబడి తెడ్డుతో నడిపే పాడిల్ బోర్డుల కోసం తయారయ్యే రెండంచెల పంపులు సరిగ్గా అలాంటివే. మొదటి అంచెలో ఫ్యాను లాంటిది గబగబా గాలి నింపుతుంది, 1 పీఎస్ఐ దగ్గరికి రాగానే చప్పుడు మారుతుంది, అక్కణ్ణుంచి పిస్టన్ అందుకుని ఒత్తిడి పెంచుతుంది. చప్పుడు మారిన ఆ క్షణం తెలిసిపోతుంది, బుస్సుమనే మోత పోయి టకటకమని కొట్టుకోవడం మొదలవుతుంది. కాబట్టి కొనేటప్పుడు గరిష్ఠ పీఎస్ఐ ఎంత అని కాకుండా, రెండో అంచెలో నిమిషానికి ఎన్ని లీటర్లు అని అడగండి. చాలా పంపుల్లో మొదటి అంచెకి 350, రెండో అంచెకి 70 లీటర్ల చొప్పున రాస్తారు. 1 నుంచి 7 పీఎస్ఐకి వెళ్లడానికి మీ లీడింగ్ ఎడ్జ్‌కి ఇంకో 80 లీటర్ల పైచిలుకు కావాలి, లెక్క ప్రకారం నిమిషం పైన కొంచెం. నిజానికి అంతకంటే ఎక్కువే పడుతుంది, ఎందుకంటే ఒత్తిడి పెరిగేకొద్దీ పంపు మందగిస్తుంది, పైగా ఒకే వాల్వ్ నుంచి అన్ని స్ట్రట్‌లకీ సన్న గొట్టాల గుండా గాలి వెళ్లాలి. డబ్బా మీద రెండో అంచె లెక్క అసలు రాయకపోతే ఆ పంపుని పక్కన పెట్టేయమనే నా సలహా.

ఇంకో ముఖ్యమైన సంగతి గేజ్. పాడిల్ బోర్డుకి 12, 15 పీఎస్ఐ కొడతారు, మీ కైట్‌కి మాత్రం సాధారణంగా 6 నుంచి 9 లోపే, పెద్ద కైట్లకి తక్కువ, చిన్నవాటికి ఎక్కువ. మీ కైట్‌కి ఎంతో వాల్వ్ దగ్గరే అచ్చు వేసి ఉంటుంది, చాలా కైట్ల మీద. బోర్డుకి ఒక పీఎస్ఐ అటూఇటూ అయినా నడుస్తుంది గానీ కైట్‌కి అది పెద్ద తేడా. తక్కువైతే వంగిపోతుంది, నీళ్లలో పడితే మళ్లీ లేవదు. ఎక్కువైతే కుట్టు విచ్చుకుని లోపలి గాలి సంచి, అంటే బ్లాడర్, పేలుతుంది. అందుకే సగం పీఎస్ఐ చొప్పునైనా సెట్ చేసుకోగలిగేది, ఆ ఒత్తిడి రాగానే తనంతట తానే ఆగేది తీసుకోండి. యూనిట్లు కూడా జాగ్రత్త. 7 పీఎస్ఐ అంటే 0.48 బార్. బార్‌లో ఉన్న స్క్రీన్ మీద 0.7 పెట్టేస్తే అది 10 పీఎస్ఐ అయి కూర్చుంటుంది. మీట నొక్కే ముందు అంకె పక్కన ఏం రాసుందో ఒకసారి చదవండి.

గేజ్ గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పంపు చూపించేది పంపు దగ్గరి ఒత్తిడి, కైట్ లోపలిది కాదు. గాలి పారుతున్నంతసేపూ గొట్టంలో కొంత ఒత్తిడి పోతుంది కాబట్టి స్క్రీన్ ఎప్పుడూ కాస్త ఎక్కువే చూపిస్తుంది, స్ట్రట్‌లు ఇంకా నిండకుండానే పంపు ఆగిపోతుంది. ఆగాక అర నిమిషం ఊరుకుని మళ్లీ ఆన్ చేయండి, ఈసారి చూపించే అంకె నమ్మదగ్గది. ఆ తర్వాత లీడింగ్ ఎడ్జ్‌ని వేలితో మీటి చూడండి, బిగువుగా టింగుమనాలి, డుబ్బుమంటే ఇంకా కొట్టాలి.

బ్యాటరీ విషయంలో ఎంఏహెచ్ అంకెని పట్టించుకోకండి, బ్యాటరీలో మొత్తం ఎంత శక్తి ఉందో చెప్పే వాట్ అవర్లు అడగండి. 20,000 ఎంఏహెచ్ అని గొప్పగా రాసి, లోపలి సెల్ 3.7 వోల్టుల లెక్కన చెబితే అది 74 వాట్ అవర్లే. 12 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు తాగే పంపు పది నిమిషాలు నడిస్తే 20 వాట్ అవర్లు ఖర్చవుతాయి. మీ రెండు కైట్లకీ, మళ్లీ ఒకసారి టాప్ అప్‌కీ 60, 70 ఉంటే హాయిగా సరిపోతుంది. విమానంలో వెళ్లే అలవాటుంటే 100 వాట్ అవర్లు దాటకుండా చూసుకోండి, దాటితే 160 దాకా ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, ఆపైన తీసుకెళ్లనివ్వరు. విడి బ్యాటరీని లగేజీలో వేయకూడదు, చేతి సంచిలోనే పెట్టుకోవాలి.

వాల్వ్ చూడకుండా మాత్రం డబ్బు కట్టకండి. పాడిల్ బోర్డుల గొట్టం చివర తిప్పి బిగించే పిడి ఉంటుంది, కైట్లకి ఒక్కో కంపెనీది ఒక్కో రకం. డ్యుయోటోన్‌ది ఎయిర్‌పోర్ట్, క్యాబ్రిన్హాది ఎయిర్‌లాక్, ఓజోన్‌ది బూస్ట్. పంపుతో వచ్చే అడాప్టర్లలో మీది ఉందో లేదో ముందే కనుక్కోండి. అడాప్టర్ వదులుగా ఉంటే గాలి పక్కనుంచి పోతుంది, పంపు ఎప్పటికీ ఆగదు, బ్యాటరీ అయిపోతుంది.

అన్నిటికంటే నాకు భయం కలిగించేది వేరే ఉంది. చేతిపంపుతో కొట్టేటప్పుడు కైట్ మధ్య స్ట్రట్‌ని పంపు తాడుకి కడతాం, పంపు మీద మన కాళ్లూ బరువూ ఉంటాయి కాబట్టి కైట్ ఎక్కడికీ పోదు. కరెంటు పంపు రెండు కిలోలు కూడా ఉండకపోవచ్చు. దానికే కైట్‌ని కట్టేసి పక్కకెళితే, ఒక్క గాలి విసురుకి సగం నిండిన కైట్ పంపుతో సహా లేస్తుంది, ఎవరి మీద పడుతుందో చెప్పలేం. తాడుని మీ నడుముకున్న హార్నెస్‌కి గానీ, నేలలో గట్టిగా పాతిన దానికి గానీ తగిలించండి, నిండేదాకా అక్కడే నిలబడండి. పంపు పని చేస్తోంది కదా అని ఈలోపు కైట్‌ని అదుపు చేసే తాళ్లు, అంటే లైన్లు, పరుచుకుందాం అనుకోవద్దు, దయచేసి.

పంపుని ఇసుక మీద పెట్టకండి, గాలి పీల్చే చిల్లు గుండా ఇసుక లోపలికి పోతే పిస్టన్ అరిగిపోతుంది. సంచి మీద పెట్టండి. చేతిపంపు కూడా వెంటే ఉంచుకోండి, అమ్మేయకండి.

ప్రశ్న: కారు సాకెట్‌కి పెట్టే 12 వోల్టుల పంపు కొన్నాను. రెండో అంచె మొదలవగానే ఫ్యూజు పోతోంది. పంపు పాడైనట్టేనా?

జవాబు: అయ్యుండకపోవచ్చు. రెండో అంచెలోనే పంపు ఎక్కువ కరెంటు లాగుతుంది. సాకెట్‌ ఫ్యూజు 10 ఆంపియర్లదై ఉండి, పంపు 12, 15 లాగేదైతే అది పోవడం ఖాయం. పెద్ద ఫ్యూజు వేసేద్దాం అనుకోకండి, లోపలి తీగ దానికి తగ్గది కాకపోతే ఫ్యూజు బదులు తీగ కాలుతుంది. పంపుతో క్లిప్పుల కేబుల్ వచ్చుంటే నేరుగా కారు బ్యాటరీకే తగిలించండి, ఆ కేబుల్‌కి దాని ఫ్యూజు ఉందో లేదో చూసుకోండి. సన్నటి పొడుగు ఎక్స్‌టెన్షన్ తీగ వాడుతుంటే అదీ తీసేయండి, దారిలో వోల్టేజి పడిపోయి మోటారు అవస్థపడుతుంది.

ప్రశ్న: పంపు 7 పీఎస్ఐ అని చూపించి ఆగింది. నీళ్లలోకి వెళ్లిన కాసేపటికే కైట్ మెత్తబడింది. గేజ్ తప్పా, కైట్ లీకా?

జవాబు: రెండూ కాకపోవచ్చు, ముందు వేడిని అనుమానించండి. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, లోపలికి వెళ్లాక చల్లారి ఒత్తిడి తగ్గుతుంది. 35 డిగ్రీల ఎండలో 7 పీఎస్ఐ కొట్టిన కైట్ 20 డిగ్రీల నీళ్లలో పడి చల్లబడితే ఏ లీకూ లేకుండానే 6కి దిగుతుంది. తిరగేసి చూస్తే, 25 డిగ్రీల దగ్గర 7 కొట్టి మండే ఎండలో వదిలేసిన కైట్ లోపల 45 డిగ్రీలకి చేరితే ఎనిమిదిన్నర అవుతుంది, నీడలేని చోట కొట్టిన కైట్‌ని గంటలకొద్దీ ఉంచొద్దనేది అందుకే. కొట్టాక ఐదు నిమిషాలు ఆగి మళ్లీ చూసుకుని దిగండి.

అలా చేసినా మెత్తబడితే లీకే. లీకుని ఇలా పట్టుకోండి: నిండుగా కొట్టి, స్ట్రట్‌లకి వెళ్లే గొట్టాల మీది క్లిప్పులన్నీ మూసి, నీడలో రాత్రంతా ఉంచండి. పొద్దున్నే ఏ స్ట్రట్ మెత్తగా ఉంటే లోపం దానిదే, అన్నీ గట్టిగా ఉండి లీడింగ్ ఎడ్జ్ ఒక్కటే దిగితే వాల్వ్ మీద సబ్బు నీళ్లు పోసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. వాల్వ్ అంచున ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా చాలు. ఒత్తిడి తగ్గగానే తనంతట తాను మళ్లీ కొట్టే పంపులున్నాయి, వాటితో లీకు కనబడకుండా పోతుంది కాబట్టి ఈ పరీక్ష చేసేటప్పుడు పంపు తీసేసి వాల్వ్ మూసేయండి. నీళ్లలోకి దిగేముందు కూడా ఆ క్లిప్పులు మూసి ఉండాలి, ఎప్పుడైనా లీడింగ్ ఎడ్జ్ చిరిగినా స్ట్రట్‌లలో గాలి మిగులుతుంది, దాన్ని పట్టుకుని తేలుతూ ఒడ్డుకి రావచ్చు.