కార్బన్ ఫ్రేమ్‌పై పగులు: కారణం ఎలా పోల్చుకోవాలి?

ప్రశ్న: రోజూ తెల్లవారుజామున ఆర్కే బీచ్ నుంచి భీమిలి వైపు కార్బన్ ఫ్రేమ్ సైకిల్‌పై వెళ్తుంటాను. కిందటి నెల దానిని కారు వెనుక క్యారియర్ చేతులపై ఆనించి, టాప్ ట్యూబును (సీటు కింది నుంచి హ్యాండిల్ వైపు సాగే పై గొట్టాన్ని) పైనుంచి పట్టీతో గట్టిగా బిగించి అరకు తీసుకువెళ్లాను. తిరిగి వచ్చాక కడుగుతుంటే, పట్టీ ఉన్నచోట ట్యూబుకు కుడి ఎడమల ఎదురెదురుగా, పొడవునా సాగిన రెండు సన్నని గీతలు కనిపించాయి. సైకిల్ ఎక్కడా పడలేదు. పడే ఉంటుందని మిత్రులు, ఉప్పుగాలి ప్రభావమని ఒకరు, పెయింటు మాత్రమే చిట్లిందని దుకాణంవారు అంటున్నారు. ఏది నిజం?
– ఒక పాఠకుడు, లాసన్స్ బే కాలనీ, విశాఖపట్నం

జవాబు: మీరు గీతల స్థానాన్నీ దిశనూ గమనించి రాయడం ఎంతో మేలు చేసింది. కార్బన్ ఫ్రేమ్ అంటే రెసిన్ అనే గట్టిపడే జిగురుతో అతికిన కార్బన్ పోగుల పొరలు. తొక్కేటప్పుడు పడే బరువును అది చక్కగా మోస్తుంది కానీ, పలుచని ట్యూబును ఒకేచోట నొక్కితే తట్టుకోలేదు. పైనుంచి పట్టీ, కిందినుంచి క్యారియర్ చెయ్యి కలిసి నొక్కినప్పుడు ట్యూబు కోడిగుడ్డు ఆకారంలోకి అణగి, పక్కలు బయటికి ఉబ్బుతాయి. ఆ ఉబ్బిన రెండు వైపులా పైపొర సాగి, పొడవునా చిట్లుతుంది. ఘాట్ రోడ్డు కుదుపులు ఆ ఒత్తిడిని మరింత పెంచి ఉంటాయి. మీరు వర్ణించిన గీతలకు ఈ కారణమే అతుకుతుంది.

సైకిల్ పడి ఉంటే బ్రేక్ లివర్, పెడల్, సీటు అంచులలో ఎక్కడో ఒకచోట గీరుకున్న గుర్తు సాధారణంగా మిగులుతుంది. హ్యాండిల్ గిర్రున తిరిగి కొట్టుకున్నా దెబ్బ ఒక పక్కనే కనిపిస్తుంది. ఉప్పుగాలికి కార్బన్ తుప్పు పట్టదు. దానిని తాకి ఉన్న అల్యూమినియం భాగాలు మాత్రం తినివేతకు గురై, నీళ్ల బాటిల్ పెట్టే తొడుగును బిగించే బోల్టుల చుట్టూ తెల్లని పొడి, పెయింటు బుడగలు కనిపిస్తాయి. సముద్రతీరాన నివసించేవారు ఆ బోల్టులను తరచూ చూసుకోవడం మంచిదే కానీ, మీ గీతలకు దానితో సంబంధం లేదు.

పెయింటు మాత్రమే చిట్లిందన్న మాటను పరీక్షించకుండా నమ్మవద్దు. ఫ్రేమ్‌ను తుడిచి ఆరబెట్టి, నాణెం అంచుతో మెల్లగా తట్టుతూ గీత మీదుగా వెళ్లండి. చుట్టుపక్కల ఖంగుమని మోగి, గీత దగ్గర మొద్దుగా వినిపిస్తే లోపలి పొరలు విడిపోయాయని అనుమానించాలి. అతుకుల దగ్గర ట్యూబు మందం మారుతుంది గనుక అక్కడ శబ్దం సహజంగానే తేడాగా ఉంటుంది. మంచి శబ్దం వచ్చినంత మాత్రాన ఫ్రేమ్ క్షేమమని కూడా చెప్పలేము. బొటనవేలితో మెల్లగా నొక్కినప్పుడు లోపలికి దిగినా, కిర్రుమన్నా ఫ్రేమ్ దెబ్బతిన్నదనడంలో ఇక సందేహం అక్కరలేదు. అనుభవజ్ఞులు పెయింటును కొద్దిగా గీకి పోగులను చూసిగానీ, అల్ట్రాసౌండ్ పరికరంతోగానీ నిర్ధారిస్తారు.

అంతవరకు దయచేసి ఆ సైకిల్ ఎక్కవద్దు. స్టీలు ముందుగా వంగి హెచ్చరిస్తుంది. కార్బన్ అలా వంగకుండా ఒక్కసారిగా విరిగిపోవచ్చు. గీతలపై జిగురు పూసి, స్టిక్కరు అతికించి ఊరుకోవడం మరీ ప్రమాదకరం. దెబ్బతిన్న భాగాన్ని ఏటవాలుగా అరగదీసి కొత్త పొరలు అతికించే మరమ్మతు సాధ్యమే కనుక, ఫ్రేమ్ పనికిరాదని ఇప్పుడే నిరాశపడనవసరం లేదు. ఇకపై కారులో తీసుకువెళ్లేటప్పుడు ఫ్రేమ్‌ను కాక చక్రాలను పట్టి ఉంచే క్యారియర్‌నే వాడండి.