ఆస్కార్ ఉత్తమ నటుడి రేసులో ఎవరుంటారో ముందే ఎలా ఊహిస్తారు?

ముందు ఓటు ఎవరిదో చూడాలి. ఉత్తమ నటుడి నామినేషన్ పొందే ఐదుగురినీ ఎంపిక చేసేది ఆస్కార్‌లు ఇచ్చే సంస్థ అయిన అకాడమీలోని నటీనటుల విభాగం మాత్రమే. అందుకే విలేకరులు ఓటేసే గోల్డెన్ గ్లోబ్ అవార్డుల కంటే, నటులే ఓటేసే స్యాగ్ (అమెరికా నటీనటుల సంఘం అవార్డులు; 2026 నుంచి వీటి పేరు యాక్టర్ అవార్డ్స్) జాబితా మీదే నాకు నమ్మకం ఎక్కువ. అవి రాకముందైతే వెనిస్, టెల్యురైడ్, టొరంటో చిత్రోత్సవాల్లో ఎవరి నటన గురించి మాట్లాడుకుంటున్నారో గమనించండి.

విజేత దగ్గరికొచ్చేసరికి లెక్క మారుతుంది. తుది ఓటు అకాడమీ సభ్యులందరిదీ. వాళ్లలో అమెరికా బయటివాళ్లు ఈమధ్య బాగా పెరిగారు, కాబట్టి బ్రిటన్ వాళ్ల సినిమా అవార్డు బాఫ్టాను తేలిగ్గా తీసుకోకూడదు. 2021లో గ్లోబ్, స్యాగ్ రెండూ దివంగత చాడ్విక్ బోస్‌మన్‌కే వచ్చాయి. ఆస్కార్ కూడా ఆయనదేనని దాదాపు అందరూ అనుకున్నారు. ఎప్పుడూ ఆఖరున ఇచ్చే ఉత్తమ చిత్రాన్ని ముందుకు జరిపి, ఆ రాత్రి ఉత్తమ నటుడి అవార్డును చివరికి పెట్టారు. తీరా కవరు తెరిస్తే బాఫ్టా గెలిచిన ఆంథొనీ హాప్‌కిన్స్ పేరు! 83 ఏళ్ల ఆయన అక్కడ లేనే లేరు, వేల్స్‌లో ఉన్నారు. బోస్‌మన్‌కు రాలేదని నాకు ఇప్పటికీ బాధే. 2025లోనూ అంతే: స్యాగ్ తిమోతీ షాలమేకి వెళ్లింది, బాఫ్టా గెలిచిన ఏడ్రియన్ బ్రోడీకే ఆస్కార్ దక్కింది.