పట్టేసిన బోల్టుల గురించి అల్లుడికి

విజయవాడ

చిరంజీవి అల్లుడికి, మీ మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు కొన్న లారీకి క్లచ్ జారుతోందనీ, దాన్ని మార్చడానికి బండిని షెడ్డుకి పంపకుండా గేరుబాక్సు నువ్వే దించుతానంటున్నావనీ చెప్పింది. దాని గొంతులో కంగారు. నాకు మాత్రం ముందు సంతోషమే వేసింది. మన ఇంట్లో నా తర్వాత స్పానర్ పట్టేవాడు ఉండడనుకున్నాను. కానీ ఆ బండి ఇన్నాళ్ళూ భీమవరం నుంచి చేపల లోడ్లు తోలిందని విన్నాక టెన్షన్ పట్టుకుంది. ఐస్ కరిగిన నీళ్ళు రోజుల తరబడి ఛాసిస్ మీద కారే బండ్లవి. కింద బోల్టులు ఒక్కటీ తేలిగ్గా రావు. ఫోన్‌లో చెబితే సగం విని ‘సరే మామయ్యా’ అనేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మొదటి పనులు నీకు తెలిసినవే. బ్యాటరీ తీగలు విప్పు, గేరాయిల్ దించు, గేరుబాక్సు నుంచి వెనక ఇరుసుకి వెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పేముందు, అది బిగించే ఫ్లాంజిల మీద పెయింటుతో గుర్తు పెట్టుకో. షాఫ్ట్ ఊడదీశాక బండి గేరులో ఉన్నా ఆగదని మర్చిపోకు. చక్రాలకు ముందూ వెనకా దుంగలు పెట్టకుండా కిందికి దూరావని తెలిస్తే ఊరుకోను.

ఇక గేరుబాక్సుని ఇంజిన్‌కి బిగించే బెల్ హౌసింగ్ బోల్టులు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, మరల మధ్య ఉన్న కాస్త సందునూ నింపేస్తుంది. అందుకే బలం కంటే ముందు నూనె లోపలికి పోవాలి. వైరు బ్రష్‌తో బోల్టు చుట్టూ తుప్పు గీకి, తుప్పు వదిలించే ఆయిల్ పొయ్యి. అది లేకపోతే ఆటోమేటిక్ గేరుబాక్సులకు పోసే ఏటీఎఫ్ ఆయిల్, అసిటోన్ సగం సగం కలుపు. పోశాక బోల్టు తల మీద సుత్తితో నిటారుగా రెండు మూడు దెబ్బలు వేయి. ఆ అదురుకే నూనె మరల్లోకి దిగుతుంది. మళ్ళీ పోసి, ఇంటికెళ్ళి పడుకో. తెల్లారి మళ్ళీ పొయ్యి. నీకు మీ నాన్న తొందర వచ్చింది, అదే నా భయం.

పన్నెండు మూలల రింగు పక్కన పెట్టు. ఆరు మూలల సాకెట్టే వాడు, లేకపోతే తల గుండ్రంగా అరిగిపోతుంది. ముందు విప్పే వైపు కాదు, బిగించే వైపు కొద్దిగా కదిపి చూడు. ‘టక్’మని చిన్న చప్పుడు వస్తే తుప్పు విడిందన్నమాట. అక్కణ్ణుంచి పావు చుట్టు విప్పు, మళ్ళీ వెనక్కి బిగించు, నూనె పొయ్యి, మళ్ళీ విప్పు. ఒక్క ఊపున లాగేయకు. స్పానర్ తిరుగుతోంది కానీ చప్పుడు లేదు, జీడిపాకం లాగినట్టు మెత్తగా సాగుతోంది అనిపిస్తే సంతోషపడకు. బోల్టు తెగబోతోంది. అక్కడే ఆగు.

ఇప్పుడు చెప్పేది రెండుసార్లు చదువు.

ఆటోనగర్‌లో నేను పని నేర్చుకున్న షెడ్డులో నాకంటే ముందు చేరినవాడు ఒకడుండేవాడు. నాకంటే మంచి పనివాడు. రాడ్డు ఒక చివర బాక్సుకి ఆనించి, రెండో చివర చెవికి పెట్టుకుని ఏ బేరింగు పోయిందో చెప్పేవాడు. ధాన్యం రోజులు. ఓనరు పక్కనే నిలబడి రాత్రికి బండి కావాలంటున్నాడు. అన్ని బోల్టులూ వచ్చాయి, వెనక మౌంటింగ్ కూడా విప్పేశారు. పైన కుడి వైపు, కంటికి కనపడని బోల్టు ఒక్కటి పట్టేసింది. ఒక పూటంతా దానితోనే పోయింది. చివరికి వాడికి కోపం వచ్చింది. సాకెట్టు తిప్పే టామీ రాడ్డుకి పొడుగాటి పైపు తొడిగాడు. పైపు తిప్పడానికి జాగా చాలక, బాక్సు కింద ఉన్న జాకీని పక్కకి జరిపించాడు. ‘ఇంకా ఒక బోల్టు ఉందిగా, ఎక్కడికి పోతుంది’ అన్నాడు. ఆ మాట నా చెవులారా విన్నాను. అప్పటికి నేను కుర్రాణ్ణి, వద్దని చెప్పే వయసు కాదు.

కుడిచేత్తో పైపు లాగుతూ, ఒంటికి ఆనుకోసమని ఎడమచేయి ఛాసిస్‌కి అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్ మీద వేశాడు. బోల్టు తల ఫట్‌మని తెగింది. బాక్సు వెనక భాగం ఒక్కసారిగా వాలి క్రాస్ మెంబర్ మీద కూర్చుంది. లారీ గేరుబాక్సు వంద కిలోలు దాటుతుంది అల్లుడూ, పెద్ద బండ్లవైతే రెండు వందలు కూడా ఉంటాయి. పైకెత్తడానికి జాకీ మళ్ళీ కిందికి తోయాలి, దాని చక్రానికి పైపు అడ్డం పడింది. మేమందరం కలిసి భుజాలు పెట్టి ఎత్తేసరికి రెండు వేళ్ళు పోయాయి. వాడు ఇప్పుడు స్పేర్ పార్టుల కొట్లో కూర్చుంటున్నాడు. కనపడితే భుజం మీద చెయ్యి వేసి పలకరిస్తాడు, ఆ ఎడమచేయి మాత్రం జేబులోనే ఉంటుంది.

పట్టేసిన బోల్టుతో గంటలు గంటలు పెనుగులాడితే మనసంతా దాని మీదే ఉంటుంది, నెత్తి మీద బరువు గుర్తుండదు. కాబట్టి మొదటి బోల్టు ముట్టుకునే ముందే బాక్సు కింద జాకీ పెట్టి, పై నుంచి గొలుసు కట్టు. ఆఖరి బోల్టు బయటికి వచ్చి బాక్సు నేల మీద దిగేదాకా ఆ రెండూ తీయకూడదు. జాగా చాలకపోతే పొట్టి రాడ్డు వాడు, లేదా ఇంపాక్ట్ గన్ అద్దెకు తెచ్చుకో. విసుగొస్తే బయటికి వచ్చి టీ తాగు.

నూనెకి లొంగని బోల్టుకి వేడి పెట్టాలి. ముందు హౌసింగ్‌కి అయస్కాంతం ఆనించి చూడు. అంటుకుంటే పోత ఇనుము, అంటుకోకపోతే అల్యూమినియం. అల్యూమినియం 660 డిగ్రీలకు కరుగుతుంది, కరిగేముందు ఇనుములాగా ఎర్రబడదు. గ్యాస్ మంట ఒకే చోట పట్టుకుంటే కళ్ళముందే జారిపోతుంది. కానీ వేడికి అది ఇనుము కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది, కాబట్టి బోల్టుని కాకుండా చుట్టూ ఉన్న లోహాన్ని మెల్లగా వేడి చేస్తే పట్టు వదులుతుంది. వేడి మీద కొవ్వొత్తి ఆనిస్తే మరలు మైనాన్ని లోపలికి పీల్చుకుంటాయి. అసిటోన్ పోసిన రోజు మాత్రం మంట దగ్గరికి తేవద్దు. డీజిల్ పైపులు, వైరింగ్ పక్కకి కట్టు, ఇసుక బకెట్ దగ్గర పెట్టుకో.

తల తెగితే కంగారు పడకు. బాక్సు దింపాక మొండెం బయటికి ఉంటే దాని మీద నట్టు పెట్టి లోపల వెల్డింగ్ చేయించు, ఆ వేడికి అది తిరిగి వస్తుంది. తెగిన బోల్టుని తిప్పి తీసే ఈజీ అవుట్‌ని బలంగా తిప్పకు. లోపల విరిగిందంటే దాన్ని డ్రిల్ కూడా కొరకదు.

ఎక్కించేటప్పుడు అన్నీ కొత్త బోల్టులే. పాతవాటి తల మీద బలం చెప్పే నంబరు ఏదుంటే అదే, 8.8 అయితే 8.8, 10.9 అయితే 10.9. మరలకు పట్టెయ్యకుండా ఉండే గ్రీజు కొద్దిగా రాయి.

ఇంత తిట్టినట్టు రాశానని బాధపడకు. నువ్వు స్పానర్ పట్టావని ఇక్కడ షెడ్డులో అందరికీ చెప్పుకున్నాను. శనివారం రాత్రి బస్సెక్కుతాను. అప్పటిదాకా పొద్దునా సాయంత్రం బోల్టులకు నూనె పోయడం ఒక్కటే నీ పని. ఆదివారం బోల్టులు నువ్వే విప్పు, నేను జాకీ దగ్గర ఉంటాను. బోల్టు తలలు ఎంత సైజో కొలిచి మెసేజ్ పెట్టు, సాకెట్లు నేను తెస్తాను. గొలుసు కప్పి మీ ఊళ్ళో అద్దెకు దొరుకుతుందేమో ఈ రోజే కనుక్కో.

మీ మామయ్య