మెడ తిరగదు, నడుము వంగదు... ఈసారి బతుకమ్మ ఆడగలనా?

ప్రశ్న: మాది మర్రిగూడ మండలం. నాకు 47 ఏళ్లు. పుట్టిల్లు, అత్తిల్లు రెండూ ఇక్కడే, బోరు నీళ్లు తాగే పెరిగాను. మెడ, నడుము పట్టేస్తే ఎక్స్‌రే తీసి ఎముకలకు ఫ్లోరోసిస్ అన్నారు. నాట్లకు పోవడం మానేసి నాలుగేళ్లయింది, ఒళ్లు పెరిగింది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. మా బిడ్డ ఫోన్‌లో వీడియో పెట్టి చేయిస్తే ఓ రోజు గంట నడిచి, వంగి కూడా చేశాను, మూడు రోజులు మంచం దిగలేదు. ఇక నా పని అయిపోయినట్టేనా? ఈసారి బతుకమ్మ ఆడాలని ఉంది.

జవాబు: అక్కా, మీ పని అయిపోలేదు. మా అమ్మకూ ఇదే జబ్బు, అందుకే మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుని బిగుసుకుపోయిన వెన్ను వ్యాయామం చేస్తే మళ్లీ మెత్తబడదు, ఆ ఆశ పెట్టుకోకండి. కానీ నాలుగేళ్లు కూర్చోవడం వల్ల తొడల్లో పోయిన సత్తువ తిరిగి వస్తుంది. ఆయాసం మాత్రం ఒట్టి బరువు వల్లేనని అనుకోవద్దు, రక్తం తక్కువున్నా, గుండెలో తేడా ఉన్నా, పక్కటెముకలు బిగుసుకున్నా రావచ్చు. మొదలుపెట్టే ముందే చూపించుకోండి.

మీరు చేసిన పొరపాటు నడవడం కాదు, ఒళ్లు బాగున్న రోజు చూసి గంట నడవడం. బాగాలేని రోజున ఎంత నడవగలరో అదే మీ కొలత. ఐదు నిమిషాలైతే ఐదే, బాగున్న రోజు కూడా ఐదే. రెండు వారాలు అట్లా గడిచాక ఒక్క నిమిషం కలపండి. మర్నాడు పొద్దున నొప్పి రోజూ ఉండేంతే ఉంటే సరిపోయినట్టు, పెరిగితే తగ్గించుకోండి. నడుస్తూ పక్కామెతో మాట్లాడగలగాలి.

ఇంకొకటి, కుర్చీని గోడకు ఆనించి, చేతులు తొడల మీద పెట్టుకుని ఐదుసార్లు మెల్లగా లేచి కూర్చోండి. వేడినీళ్ల స్నానం అయ్యాక చేస్తే ఒళ్లు కాస్త వదులవుతుంది. మీ ఇంట్లో నులక మంచం ఉంటే కోళ్ల కింద కదలని చెక్క దిమ్మలు పెట్టించండి, కిందికి కుంగిన మంచం మీంచి లేవడానికే సగం బలం పోతుంది. ముందుకు వంగే ఆసనాలు మానేయండి. మెడ విరిచేవాళ్ల దగ్గరికి, నడుము తొక్కేవాళ్ల దగ్గరికి అస్సలు పోవద్దు, ఈ జబ్బులో వెన్నుపూస లోపలి దారి ఇరుకై నరాలు నొక్కుకునే ప్రమాదం ఉంటుంది. కాళ్లు తిమ్మిరెక్కడం, కాలి చెప్పు జారినా తెలియకపోవడం, చేతిలో గ్లాసు జారిపోవడం, మూత్రం ఆపుకోలేకపోవడం, వీటిలో ఏది కనిపించినా వ్యాయామం ఆపి నరాల డాక్టర్ దగ్గరికి ఆ రోజే వెళ్లండి.

నొప్పి గోలీ వేసుకుని నడవడం కూడా వద్దు. ఒంట్లో చేరిన ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయేది కిడ్నీల గుండానే, ఆ గోలీలు ఎక్కువైతే దెబ్బతినేదీ అవే.

ఇక నీళ్లు. భగీరథ నల్లా వస్తోంది కదా, తాగడానికే కాదు, అన్నం వండడానికీ చాయ్‌కీ అవే వాడండి. బోరు నీళ్లు స్నానానికి, బట్టలకు ఫర్వాలేదు. కాచి తాగితే మంచిదని మన ఊళ్లలో ఇంకా అంటారు, అది నిజం కాదు, కాచిన కొద్దీ నీరు ఇగిరి ఫ్లోరైడ్ చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగకూడదు. చాయ్ ఆకులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది, రోజుకు నాలుగైదు కప్పులు తాగే అలవాటుంటే తగ్గించండి. నల్లుప్పు వద్దు. పెరుగు, రాగి జావ, ఉసిరి, జామ తినండి.

బతుకమ్మ అంటారా, ఆడండి. వంగి చప్పట్లు కొట్టే ఆట వద్దు, నిటారుగా నిలబడి కొడుతూ తిరగండి, ఎగుడుదిగుడు లేని నేల చూసుకోండి, పడితే మీ ఎముకలు తట్టుకోవు. ఎంగిలిపూల నాడు రెండు చుట్లు చాలు, పక్కనే కుర్చీ వేయించుకోండి. మర్నాడు ఒళ్లెట్లా ఉందో చూసుకుని ఒక్కో చుట్టు కలుపుకుంటూ పోతే, సద్దుల నాటికి ఎన్ని చుట్లు తిరిగారో నాకు రాయండి.