పందికొక్కుకు రెండు లైన్లేనా?

బాబూ,

ఇంగ్లీషు మాటల పుట్టుక మీద నువ్వు పంపిన వ్యాసాలన్నీ చదివాను. చదివించేలా రాస్తున్నావు. కానీ దర్జా అనే అర్థంలో వాడే ‘పాష్’ అన్న మాట మీద రాసిన పేజీ చూస్తే నిజంగా కోపం వచ్చింది. ఇంగ్లండ్ నుంచి ఇండియాకి వచ్చే ఓడల్లో డబ్బున్నవాళ్లకి నీడపట్టున గదులిచ్చేవారనీ, ‘పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్’ (వచ్చేటప్పుడు ఓడకి ఎడమవైపు, తిరిగి వెళ్లేటప్పుడు కుడివైపు) అని టికెట్ల మీద పొడి అక్షరాలు కొట్టేవారనీ రాశావే, అలాంటి టికెట్ ఒక్కటైనా ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. ‘న్యూస్’ నాలుగు దిక్కుల పేర్లలోంచి పుట్టిందన్నదీ అంతే. ‘న్యూ’కి బహువచనం అది, కొత్త సంగతులు అని. పొడి అక్షరాలు కలిపి మాట చేయడం 20వ శతాబ్దానికి ముందు ఇంగ్లీషులో చాలా అరుదు.

ఈ కథల్ని పెంచి పోషించింది సంపాదకులే. నేను శీర్షిక రాసే రోజుల్లో ఒక వారపత్రికవాళ్లు ‘ఈ మాట ఎలా పుట్టిందో ఇంకా తేలలేదు’ అన్న నా వాక్యం కొట్టేసి, ఎక్కడిదో కట్టుకథ ఇరికించి నా పేరుతోనే అచ్చేశారు. అదేమిటని అడిగితే పాఠకుడికి కథ కావాలండీ అన్నారు. ఆ మంట ఇంకా ఆరలేదు. పెద్ద నిఘంటువు కొనే స్తోమత లేక మద్రాసు ఎగ్మూరులో కన్నెమరా లైబ్రరీకి వెళ్లి, ఒక్క మాట మొదట ఏ సంవత్సరంలో అచ్చయిందో చూడటానికి మధ్యాహ్నమంతా కూర్చునేవాణ్ణి. సంవత్సరం చెప్పలేని పుట్టుక కథని నేను నమ్మను, నువ్వూ నమ్మకు.

అప్పు అనే అర్థమున్న ‘డెట్’ని డెబ్ట్ అని పలకమన్నావు. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు అందులో బి లేదు, లాటిన్ మూలం గుర్తు చేయాలని పండితులు తర్వాత దూర్చారు, జనం నోటికి అది ఎక్కలేదు. ‘రిసీట్’లో పి కూడా అలాంటిదే.

ఇన్ని రాసి ‘బ్యాండికూట్’కి రెండు లైన్లా! మన పందికొక్కు కదయ్యా అది! ఇంగ్లీషులో చేరిన మన దేశపు మాటల మీద 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో తెలుగు మాటేనని స్పష్టంగా ఉంది, దాన్ని కూర్చిన ఇద్దరిలో బర్నెల్ ఈ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉద్యోగం చేసినవాడే. మన గాదెల కింద బొరియలు తవ్వే జీవి పేరు ఆస్ట్రేలియా దాకా పోయి, అక్కడ అసలు ఎలుక జాతికే చెందని, పొట్టకి సంచి ఉండే జంతువుకి స్థిరపడిపోయింది. ‘పందికొక్కులా తింటావేరా’ అని మీ అమ్మమ్మ తిట్టేదని ఒక్క ముక్క రాసి వదిలేశావు, అక్కడ నాకు చాలాసేపు పేజీ తిప్పబుద్ధి కాలేదు. వ్యాసం ఆవిడ దగ్గరే మొదలవ్వాలి. ఇక్కడి జాలర్ల కట్టుమరం ఇంగ్లీషులో ‘క్యాటమరాన్’ అయిన సంగతీ అందులో చేర్చు.

పుస్తకం ఎవరు వేస్తారు, ఎంతవుతుంది అన్నవి తర్వాత చూద్దాం. ముందు ఇది తిరగరాసి పంపు, ప్రతి మాట పక్కనా సంవత్సరం ఉండాలి.